జానెడున్నర సందు

సూరత్ ఉధ్నాలోని ధీరూ సేఠ్ కార్ఖానాలో సోమలింగం మాస్టరు ఒకనాడు రెండు సాంచాల నడుమ ఇరుక్కుపోయాడు. సాంచా అంటే మరమగ్గం. సూరత్‌లో ఉన్న మనవాళ్లు దాన్ని ఇంకో పేరుతో పిలవరు. ఇరుక్కున్న సంగతి అందరికంటే ఆఖరున ఒప్పుకున్నవాడు మాత్రం సోమలింగమే. "అంగీ గుండీ తట్టుకున్నది, గంతే" అని వాదించాడు. ఆ గుండీ అప్పటికే తెగి, దొర్లుకుంటూ అవతలి వరస చేరింది. మనిషి మాత్రం ఎక్కడివాడక్కడే ఉన్నాడు. గణపతి ముందు నుంచి చేతులు పట్టి లాగాడు, ఇంకొకడు వెనక నుంచి నెట్టాడు, వేరొకడు సాంచాలకు పోసే నూనె డబ్బా తెమ్మంటారా అని అడిగాడు. వాడి గొంతులో వెటకారం లేదు. అదే సోమలింగాన్ని ఎక్కువ బాధించింది.

సిరిసిల్ల దిక్కు నుంచి మీసాలు రాకముందే వచ్చి, పోగులు అతికే పని నుంచి ఎదిగి మాస్టరు అయినవాడతను. సాంచా మొరాయిస్తే విప్పి, బిగించి, నడిపించి ఇచ్చేవాడే మాస్టరు. నేసేవాళ్లు తమ సాంచాల ముందు నిలబడతారు, మాస్టరు షెడ్డంతా తిరుగుతాడు. ఆ తిరుగుడంటే సోమలింగానికి ప్రాణం. అయితే తిరిగినంతసేపు తిరిగి, బయటికొచ్చి లోచో బండి ముందు నిలబడేవాడు. ఆవిరి మీద ఉడికిన శనగపిండి ముద్ద మీద ఇంత నూనె, దాని మీద గుప్పెడు సేవు, అంటే సన్న కారప్పూస. "సూరత్‌ల తిండి, కాశీల చావు" అని గుజరాతీలు చెప్పుకుంటారు. సోమలింగం మొదటి సగాన్ని శ్రద్ధగా పాటించాడు. పాటిస్తూ పోతే రెండో సగానికి కాశీ దాకా పోనక్కర్లేదని అతనికి తట్టలేదు.

ఎవరన్నా ఒక మాట అనేలోపే తన మీద తానే పది మాటలు వేసుకోవడం అతని అలవాటు. బొజ్జ నిమురుకుంటూ, "సూరత్‌కొచ్చి అందరు ఇండ్లు కట్టుకున్నరు, నేను దీన్ని కట్టుకున్న" అనేవాడు. నలుగురూ నవ్వేవాళ్లు. నవ్వించినవాడికి నొప్పి ఉండదని లోకం నమ్మకం.

ధీరూ సేఠ్ మాత్రం ఆ రోజు నవ్వలేదు. తన హిందీలో మెల్లగా చెప్పాడు. దీపావళి సెలవుల్లో సాంచాలన్నీ జరిపించి ఇంకో వరస వేయిస్తున్నాడు. ఇక మీదట సాంచాకీ సాంచాకీ మధ్య జానెడున్నర సందే ఉంటుంది.

"అందులో దూరి పని చేస్తే నువ్వే మాస్టర్, సోమాభాయ్. దూరలేకపోతే గణపతి చేస్తాడు. నువ్వు మడత బల్ల దగ్గర కూర్చో. జీతం కొంచెం తగ్గుతుంది, కానీ ఫ్యాను ఉంటుంది."

మడత బల్ల అంటే నేసిన బట్టను తాకాలుగా, అంటే తానులుగా, మడిచి పేర్చే చోటు. కళ్లు కనపడని ముసలివాళ్లూ, వేళ్లు పోయినవాళ్లూ కూర్చునే చోటు. సోమలింగం గణపతి వైపు చూశాడు. పేరుకే గణపతి, మనిషి అగ్గిపుల్ల. వాడు పాపం తల దించుకున్నాడు.

ఇంటికి వెళ్లి భార్య స్వరాజ్యానికి ఈ ముచ్చట చెప్పకుండా, "రేపటి సంది నాకు చాయ్‌ల చక్కెర వద్దు" అన్నాడు.

"ఏమైంది? పానం మంచిగ లేదా?"

"ఏం కాలే. ఆరోగ్యం జర సూసుకోవాలె గద."

చక్కెర మానేశాడు. దాని బదులు బార్డోలీ నుంచి వచ్చే బెల్లం వేసుకున్నాడు. బెల్లం మందులాంటిదని ఎవరో అన్నారు కాబట్టి మందు ఎక్కువ పడితే మేలే కదా అని రెండింతలు వేసుకున్నాడు. ఒకనాడు పొద్దున ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి రెండు పూటల బాకీ వడ్డీతో సహా తీర్చుకున్నాడు. మా ఇంట్లో అందరిదీ పెద్ద ఎముక అన్నాడు. సూరత్ నీళ్లకు ఒళ్లొస్తుందన్నాడు. ఆ నీళ్లే తాగే గణపతి గురించి మాత్రం నోరెత్తలేదు.

ఇంతలో చాయ్ దుకాణం దగ్గర గంగారాం దొరికాడు. రంగుల మిల్లులో పనిచేసే గంగారాంకు ప్రపంచంలో తెలియని విషయం లేదు.

"చెమట అంటే ఏందనుకున్నవన్నా? కొవ్వు కరిగి బయటికొచ్చుడే. ఎంత చెమట పడితే అంత కరిగినట్టు. మనది పాలిస్టర్ బట్టనాయె, గాలి సొరదు. జర గట్టిగ సుట్టుకో బొజ్జకు. దీపావళి దాకా ఎందుకు, దసరాకే సన్నగైతవు."

ఆరంభశూరత్వానికి సోమలింగం పెట్టింది పేరు. మర్నాడే కార్ఖానా వెనక చిందీ పేలికల కుప్పలోంచి, మరకపడి పక్కన పారేసిన పొడుగాటి పాలిస్టర్ ముక్క ఒకటి ఏరుకున్నాడు. బొజ్జ చుట్టూ, నడుం చుట్టూ, చంకల దాకా బిగించి చుట్టుకుని పైన అంగీ తొడిగాడు. షెడ్డులో అసలే పొయ్యిలో ఉన్నట్టుంటుంది. చెమట ధారలు కట్టింది. ధార ధారకీ మురిసిపోయాడు, ఇదంతా నా లోచోయే పోతున్నది అని. ఒళ్లంతా చెమటకాయలు పేలి మంట పెడుతుంటే కొవ్వు మండుతోందనుకున్నాడు. రాత్రి చొక్కా విప్పకుండా పడుకుంటే స్వరాజ్యం అనుమానంగా చూసేది.

ఇలా కొన్నాళ్లు నడిచింది. నడుస్తుండగా ఒక సాయంత్రం షిఫ్టు మారే వేళ గేటు దగ్గర దొరికిపోయాడు.

గేటు దగ్గర సాంబయ్య ఉంటాడు. పాత నేతగాడు, మోకాళ్లు పోయాక సేఠ్ వాచ్‌మన్‌గా పెట్టుకున్నాడు. బట్ట దొంగతనాలు ఎక్కువని, బయటికి పోయే ప్రతి ఒక్కడి ఒళ్లూ తడిమి పంపడం అతని పని. మాస్టరును మాత్రం ఎన్నడూ తడమలేదు, సలాం కొట్టి పంపేవాడు. ఆనాడూ సలాం కొట్టాడు. కొట్టిన చేయి దించబోతూ, మాస్టరు అంగీ వెనక నుంచి వేలాడుతున్న తెల్లటి కొసను చూశాడు.

"మాస్టరూ, గిదేందిది?"

"ఏం లేదు కాకా. దారం."

సాంబయ్య ఆ దారాన్ని పట్టి లాగాడు. దారం కాదు, బట్ట. లాగినకొద్దీ వచ్చింది. లాగినకొద్దీ సోమలింగం గిర్రున తిరగాల్సి వచ్చింది. పోయే షిఫ్టు వాళ్లు ఆగారు, వచ్చే షిఫ్టు వాళ్లు ఆగారు. సాంబయ్య లాగుతూనే ఉన్నాడు, బట్ట వస్తూనే ఉంది, సోమలింగం తిరుగుతూనే ఉన్నాడు. చివరికి కాళ్ల దగ్గర కుప్ప పడింది. సాంబయ్య ముఖం పాలిపోయింది.

"ఇన్నేండ్ల సంది నీకు సలాం కొడుతున్న గదనయ్యా" అన్నాడు ఏడుపు గొంతుతో.

సేఠ్‌ను పిలిచారు. వచ్చాడు, కుప్పను చూశాడు, మాస్టరును చూశాడు. "సోమాభాయ్, షూఁ థయుఁ? ఏమైంది?" అన్నాడు. ఇక దాచి లాభం లేదు. దొంగ అనిపించుకుంటే ఉద్యోగం ఈ క్షణమే పోతుంది, నిజం చెబితే పరువు పోతుంది. సోమలింగం పరువునే వదులుకున్నాడు.

"బొజ్జ కరుగుతదని కట్టుకున్న సేఠ్. చిందీ బట్టనే. చెమట కోసం."

ఒక్క నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ గేటు దగ్గర నవ్వనివాడు లేడు. సేఠ్ కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. దొంగ కాడని తేలిన ఆనందంలో సాంబయ్య అందరికంటే గట్టిగా అరిచాడు: "ఓరి నీ పాడుగాను! తాను దూర సందు లేదు, మెడకో డోలన్నట్టు!"

తల కొట్టేసినట్టయింది. ఎప్పుడూ అందరికంటే ముందు తానే నవ్వే మనిషికి ఆ రోజు నవ్వు రాలేదు. పైగా ఇంకో సంగతి జరిగింది. అంతసేపు తిరిగినందుకో, ఇన్నాళ్లు ఉడికినందుకో, కళ్లు బైర్లు కమ్మి ఆ బట్ట కుప్ప మీదే కూలబడ్డాడు. ఇద్దరు ఎత్తబోతే కాలేదు. నలుగురు ఎత్తి ఆటోలో వేశారు.

ఉధ్నా స్టేషన్ దగ్గరి ఆస్పత్రిలో సెలైన్ పెట్టించుకుని పడుకున్నాడు. డాక్టరమ్మ చిన్నది, కోపిష్టిది. చెమటతో పోయేది నీళ్లు తప్ప కొవ్వు కాదంది. రక్తపోటు ఉందని, షుగరు గుమ్మంలో నిలబడి ఉందని హిందీలో గట్టిగా మందలించింది. ఇన్నేళ్లు పేర్చుకున్నది పది రోజుల్లో దిగదు, దించాలని చూస్తే ఇలాగే పడిపోతావంది. ఉపవాసాలొద్దు, ఆకలితో చావొద్దు. అన్నం సగం చేసి, ఆ సగంలో పప్పూ కూరా పెట్టుకో. వేపుళ్లు, సేవులు, తీపి తగ్గించు. రోజూ మాట్లాడుకుంటూ నడవగలిగినంత వేగంగా నడువు. నెలకు ఒకటి రెండు కిలోలు తగ్గితే అదే పదివేలు.

"దీపావళికి టైము లేదు మేడం" అన్నాడు సోమలింగం.

"ఏ దీపావళి సంగతి చెప్తున్నావు? నేను వచ్చే ఏడాది దీపావళి సంగతి చెప్తున్నాను, దానికి నువ్వు ఉంటావా లేదా అని" అంది డాక్టరమ్మ.

స్వరాజ్యానికి అప్పుడు అన్నీ చెప్పక తప్పలేదు. సందు, మడత బల్ల, గంగారాం, పాలిస్టర్. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. వీపు మీద చెమటకాయలకు వేపాకు నూరి రాసింది, రాస్తూ ఒక్క మాటే అంది. "ఆ గంగారాం గాడు మన ఇంటి దిక్కు రావాలె, చెప్త."

మర్నాటి నుంచి పళ్లెం ఆమె చేతికి పోయింది. అన్నం ఒక మూలకు జరిగింది, తోటకూర పప్పు మిగతా పళ్లెం ఆక్రమించింది. రాత్రికి జొన్న రొట్టె, కూర, మజ్జిగ. బెల్లం డబ్బా అటక ఎక్కింది. "చక్కెరకు కోపం, బెల్లానికి జాలి ఉంటదా నీ బొజ్జ మీద?" అని అడిగింది. వారానికొకసారి లోచో తినొచ్చని ఒప్పుకుంది, అదీ ఇద్దరికీ కలిపి ఒక్క ప్లేటు. సాయంత్రం షిఫ్టు దిగగానే భేస్తాన్ రోడ్డు పట్టుకుని నడక. ఒక్కణ్ణి పంపితే నడక బండి దగ్గర ఆగుతుందని తానూ బయల్దేరింది. ఆమె పగలంతా ఇంట్లో చీరలకు రాళ్లు అతికే పని చేస్తుంది, కూర్చుని కూర్చుని మోకాళ్లు పట్టేసి ఉన్నాయి. మొదట్లో ఇద్దరూ కుంటుతూ, రొప్పుతూ నడిచారు. సోమలింగం అలసినప్పుడల్లా వంగి చెప్పు సరిచేసుకునేవాడు. ఆ చెప్పుకు సరిచేయడానికేమీ లేదని ఆమెకు తెలుసు, అయినా ఆగేది.

పెళ్లయిన నాటి నుంచి పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు అంటూ బతికినవాళ్లు, పక్కపక్కన ఇంతసేపు ఎన్నడూ లేరు. మొదట మాటలు దొరకలేదు. తర్వాత దొరికాయి. లారీల దుమ్ములో, రైలు కూతల్లో, ఆమె నవ్వితే పై పన్ను కొంచెం వంకర అని అతను కొత్తగా చూశాడు. "గిన్నేండ్ల సంది ఉన్నది గా పన్ను" అందామె.

దీపావళి వచ్చింది. ప్యాంటు ఒక బెల్టు రంధ్రం వదులైంది. సాంచాలు జరిగాయి. లాభ్ పాంచమ్ నాడు గుజరాతీలు దుకాణాలకు, కార్ఖానాలకు పూజ చేసి కొత్త ఏడాది పని మొదలుపెడతారు. ధీరూ సేఠ్ కొబ్బరికాయ కొట్టి, అందరికీ పేడా మిఠాయి పంచి, "పద సోమాభాయ్" అన్నాడు.

జానెడున్నర సందు ముందు నిలబడి సోమలింగం పక్కకు తిరిగాడు. ఊపిరి బిగబట్టాడు. కడుపును వెన్నుకు అంటించాడు. అడుగు, ఇంకో అడుగు. బొజ్జ ఇనుమును రాసుకుంది కానీ ఆగలేదు. వెనకనుంచి నేతగాళ్లు ఈలలు వేశారు. నడి సందుకు వచ్చాడు. అప్పుడు సేఠ్, "బాగుంది. ఇప్పుడు వంగి కింది బోల్టు బిగించు" అన్నాడు.

వంగాలంటే ఊపిరి వదలాలి. వదిలాడు. వదలగానే బొజ్జ తన చోటు తాను తీసుకుంది. వంగలేకపోయాడు. చేయి బోల్టుకు బెత్తెడు దూరంలో ఆగిపోయింది. ఎముక పెద్దదనో, గుండీ తట్టుకుందనో ఏదో ఒకటి అనొచ్చు. నవ్వించే మాట ఒకటి నాలుక దాకా వచ్చింది కూడా.

"పట్టలేదు సేఠ్" అన్నాడు. "నాతోని కాలేదు."

ఎవరూ ఈల వేయలేదు. గణపతే వచ్చి చేయి పట్టి బయటికి తీశాడు. మర్నాటి నుంచి మాస్టరు గణపతి. సోమలింగానికి మడత బల్ల, దాని పైన ఫ్యాను.

ఆ సాయంత్రం ఇంటికి వస్తూ పొట్లం నిండా జిలేబీ తెచ్చుకున్నాడు. చాప మీద కూర్చుని విప్పాడు. స్వరాజ్యం చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"లే. నడవాలె."

"ఎవలి కోసం నడవాలె ఇగ? అయిపోయింది. సందుల పట్టలే. నన్ను ముసలోళ్ల కాడ కూసోబెట్టిండ్రు. తిననియ్యి నన్ను కడుపు నిండ."

ఆమె లోపలికి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నువ్వు సేఠు సందు కోసం నడిచినవేమో. నేను గందుకు నడవలే. మా నాయన నీ ఈడులనే, నీ అసొంటి బొజ్జతోనే సాంచా మీద కూలబడ్డడు, మళ్ల లేవలే. గేటు కాడ నిన్ను నలుగురు ఎత్తుకపోయిండ్రని చెప్పినప్పుడు నాకు మా నాయననే కనవడ్డడు. మా అవ్వ తర్వాత ముప్పై ఏండ్లు ఒక్కతే బతికింది. నాకా బతుకొద్దు. జిలేబీ ఒకటి తిను, నాకొకటి పెట్టు, లే."

ఒకటి తిన్నాడు. ఆమెకొకటి పెట్టాడు. మిగతావి పక్కింటి పిల్లలకు పోయాయి. ఆ పూట కూడా ఇద్దరూ భేస్తాన్ రోడ్డు పట్టుకుని నడిచారు.

చలికాలం వచ్చింది. సూరత్‌లో లేత జొన్నల పోంక్ అమ్మే గుడారాలు వెలిశాయి. "జొన్నలే గదనే, డాక్టరమ్మ చెప్పిన తిండే" అని సోమలింగం వాదించాడు. "జొన్నలు తిను, పైన సేవుల గుట్ట నాకియ్యి" అని ఆమె ఆ గుట్టను కుక్కకు వేసింది. హోలీ వచ్చింది, పోయింది. మడత బల్ల దగ్గర అందరూ కూర్చుంటే అతను నిలబడి మడిచేవాడు. కూర్చుంటే మోకాలు పట్టేస్తోందని చెప్పేవాడు గానీ, అసలు సంగతి షెడ్డు మోత వినపడే వైపు నిలబడాలని. బరువు చూసుకోవడం మానేశాడు. మధ్యలో ఒక నెల కొంచెం పెరిగాడు కూడా, మేనల్లుడి పెళ్లి పుణ్యమా అని. ఏడవలేదు, మళ్లీ రొట్టె మొదలుపెట్టాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం గణపతి పరుగెత్తుకొచ్చాడు.

"మాస్టరూ, నడిమి వరసల సాంచా ఒకటి నాడెను బయటికి ఇసురుతున్నది. రెండు దినాల సంది సూస్తున్న, నాకు దొరుకుతలేదు. ఒకని మొఖానికి తగలాల్సింది, జర్రల తప్పింది. జర వచ్చి సూడవా?"

పోగును అటూ ఇటూ మోసే మొన కొయ్య నాడె. అది ముఖానికి తగిలితే కన్ను పోతుంది. సోమలింగం చేతిలో తాకా అక్కడే పడేసి ఉరికాడు. సాంచా ఆపించి చెవి పెట్టాడు, చేయి పెట్టాడు, కింద చూశాడు. నాడెను కొట్టే దెబ్బకర్ర పట్టీ అరిగి ఒక పక్కకు లాగుతోంది. "పానా ఇయ్యిరా" అన్నాడు. బిగించాడు. అటు వైపు బోల్టు కూడా వదులుందేమోనని అటు తిరిగి అదీ బిగించాడు. "నడుపు" అన్నాడు. నాడె బుద్ధిగా అటూ ఇటూ పోయింది. చేతులు తుడుచుకుంటూ తల ఎత్తి చూస్తే ఎవరూ సాంచాను చూడటం లేదు. గణపతి, నేతగాళ్లు, పక్క వరసవాళ్లు, తలుపు దగ్గర ధీరూ సేఠ్, అందరూ తననే చూస్తున్నారు.

"ఏందిరా? ఏమైంది?" అన్నాడు.

"మాస్టరూ, నువ్వు యాడున్నవో సూస్కో" అన్నాడు గణపతి.

సోమలింగం చూసుకున్నాడు. జానెడున్నర సందులో, నడి మధ్యలో ఉన్నాడు. దూరి వచ్చాడు, వంగాడు, బిగించాడు, తిరిగాడు. ఊపిరి బిగబట్టిన గుర్తే లేదు. పొట్ట ఇంకా ఉంది, ఎక్కడికీ పోలేదు, కానీ దారికి అడ్డం రాలేదు. సాంచా పట్టుకుని నిలబడ్డాడు.

"రేపటి నుంచి నువ్వూ, గణపతీ ఇద్దరూ మాస్టర్లే" అన్నాడు సేఠ్. "ఇన్ని సాంచాలకు ఒక్కడు చాలడం లేదు."

ఆ సాయంత్రం ఇంటికి ఎలా చేరాడో అతనికే తెలియదు. స్వరాజ్యం చీర పరుచుకుని రాళ్లు అతుకుతోంది. చెప్పాడు. నాడె, పట్టీ, సందు, సేఠ్ మాట, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాడు. ఆమె ముఖం వెలిగింది. కొంగుతో కళ్లొత్తుకుంది. తర్వాత తల వంచుకుని మళ్లీ రాళ్లు అతకడం మొదలుపెట్టింది. అతికిన రాయినే తీసి మళ్లీ అతికింది.

"మంచిగైంది" అంది. ఆగి, తల ఎత్తకుండానే అడిగింది. "అయితే ఇగ నడుసుడు బందేనా?"

సోమలింగం దగ్గర ఎప్పుడూ ఒక వెటకారం సిద్ధంగా ఉంటుంది. వెతికితే ఆ పూట ఒక్కటీ దొరకలేదు. గుమ్మంలోకి వెళ్లి ఆమె చెప్పులు రెండూ తెచ్చి ముందర పెట్టాడు.

"లే" అన్నాడు. "పొద్దు పోతున్నది."